కృష్ణరాయల దర్శనము : ప్రత్యక్షము, పరోక్షము

ప్రసిద్ధపురుషుని నొకఁడు కన్నులారఁ జూచి, తాను జూచినదానిని లోకమునకుఁ జెప్పునప్పుడు ఆ మాటను జరిత్రకారుఁ డెంతవఱకు గ్రహింపవచ్చును? చూచినవాఁడే చెప్పుచుండఁగా సందేహ మేల యని సామాన్యముగా ననుకొందుము. కాని మన వాఙ్మయచరిత్రమున నిట్టి దర్శనకథలు పెక్కు గలవు. వానిలోఁ గొన్ని శాసనములతో సరిపోవును. కొన్ని కాలగణనకు నిలువవు. కొన్ని నిజమో కల్పనమో తేలక నడుమ నిలుచును. ఈ మూఁడు తెగలను వేఱుచేయుటకుఁ ద్రోవ యున్నదా యని విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఉదాహరణముగా విజయనగరాధీశుఁడగు శ్రీకృష్ణదేవరాయల (1509–1529) దర్శనవృత్తాంతములను గైకొనుచున్నాను. ఈ విచారమునకు నన్నుఁ బురికొల్పిన కారణము స్వవిషయమైనది యొకటి కలదు. దానిని వ్యాసాంతమున దాఁపక నివేదించెదను.

నేను వ్యాకరణము చదివినవాఁడను గావున నా శాస్త్రమునుండియే ప్రారంభించెదను. పాణిని భూతకాలమును మూఁడు విధములుగా విభజించెను. సామాన్యభూతమునకు లుఙ్, నేఁటిది గాని భూతమునకు లఙ్, నేఁటిది గాకయు వక్తకుఁ బరోక్షమయ్యు నుండు భూతమునకు లిట్. అనఁగా సంస్కృతమున నొక పూర్వవృత్తమును జెప్పువాఁడు, దానిని దాను జూచెనో లేదో క్రియాపదముతోడనే యొప్పుకొనవలసి యుండును. దీనిపైఁ గాత్యాయనుఁ డొక వార్తికము చేర్చెను. లోకమెల్ల నెఱిఁగినదియు, వక్త చూడకున్నను జూడఁదగిన కాలమున జరిగినదియు నగు విషయమున, పరోక్షమైనను లఙ్ వాడవచ్చు నని దాని తాత్పర్యము. పతంజలి యందులకు యవనులు సాకేతమును ముట్టడించిన యుదంతమును జూపెను. ఆ మహాభాష్యకారుఁడు క్రీ. పూ. 2వ శతాబ్దివాఁ డనుటకుఁ జరిత్రకారులు చూపు నాధారములలో నిది ముఖ్యమైనది. ఒక లకారము చరిత్రకు సాక్షి యగుట కింతకంటె నిదర్శనము వలదు.

తెనుఁగుక్రియకు నీ భేదము లేదు. చూచినవాఁడును 'వచ్చెను' అనును. విన్నవాఁడును 'వచ్చెను' అనును. అయినను మన భాష యీ విషయమున దరిద్రము గాదు. 'అఁట' యను చిన్నమాట మనకుఁ గలదు. 'రాజు వచ్చెనఁట' యన్నప్పుడు వక్త వినికిడిని వినికిడిగానే యప్పగించి తన బాధ్యతను దెలుపుకొనుచున్నాఁడు. సంస్కృతమున లిట్టు చేయు పనిని దెనుఁగున నీ 'అఁట' చేయును. చిక్కంతయు నెక్కడ ననఁగా, కథ చేతులు మాఱుకొలఁది నిది రాలిపోవును. తాత 'అనెనఁట' యనును. తండ్రి 'అనెను' అనును. మనుమఁడు దానిని బుస్తకమున నచ్చు వేయించును. కావున దర్శనకథలను శోధించుట యనఁగా రాలిపోయిన 'అఁట'లను మరల నేఱి వాని చోటుల నుంచుటయే.

రాయలను స్వయముగాఁ జూచి వ్రాసినవారిలోఁ బోర్చుగీసు దేశీయుఁడగు డొమింగో పేసు ముఖ్యుఁడు. ఇతఁడు 1520–22 ప్రాంతమున విజయనగరమునకు వచ్చెను. ఇతని వ్రాఁతయుఁ, దరువాతివాఁడగు ఫెర్నావో నూనిజు వ్రాఁతయుఁ బారిసు నగరపు గ్రంథాలయమునఁ జిరకాల మడఁగి యుండఁగా, డేవిడ్ లోపెజు 1897లో లిస్బనున మూలమును బ్రకటించెను. రాబర్టు సూయెలు 1900లోఁ దన విజయనగరచరిత్రమున వాని నాంగ్లీకరించెను. నాఁటినుండి మన పండితులకు రాయల మూర్తి, ప్రబంధవర్ణనములనుండి గాక, మఱియొక మూలమునుండియుఁ దెలియవచ్చినది.

పేసు చెప్పిన దాని సారాంశ మిది: రాయలు మిక్కిలి పొడవరియుఁ బొట్టియుఁ గాఁడు; మేనిచాయ తెలుపు; ఆకృతి చక్కనిది, సన్నము గాక యొకింత పుష్టిగలది; మొగమున మశూచికపు మచ్చలు గలవు. స్వభావము నుల్లాసముగలది, పరదేశీయుల నాదరించును, అప్పుడప్పు డాకస్మికముగాఁ గోపావేశము కలుగును.

ఇందు మశూచికపు మచ్చలను జూడుఁడు. ప్రబంధకవి రాజును మన్మథునితోఁ బోల్చును, అది కావ్యమర్యాద, దానికిఁ దప్పుపట్టరాదు. కాని మచ్చలు కావ్యమునకుఁ బనికిరావు, స్తుతికిఁ బనికిరావు, నిందకును బనికిరావు. వానివలనఁ బేసునకు లాభమును లేదు, గౌరవమును లేదు. అవి యున్నవి గావునఁ జెప్పెను. చెప్పువాని కేమియుఁ దెచ్చిపెట్టని యిట్టి వివరమే దర్శనవృత్తాంతమున మిక్కిలి నమ్మఁదగినది. నాకుఁ దోఁచిన మొదటి నియమ మిది.

అట్లని పేసు వ్రాసిన ప్రతిమాటయుఁ బ్రత్యక్షము గాదు. రాయలు తెల్లవాఱకమునుపే లేచి ముప్పాతిక పైంటు నువ్వులనూనె త్రాగుననియు, దానినే మేన నలఁదుకొని బరువు లెత్తుననియుఁ, గత్తిసాము చేసి మల్లయుద్ధ మొనర్చి, ప్రొద్దుపొడుచువఱకు గుఱ్ఱపుస్వారి చేయుననియు నతఁడు వ్రాసెను. రాజమందిరమునఁ జీఁకటివేళ జరుగు నీ కార్యములను విదేశి యొకఁడు చూచె నని తలఁచుట కష్టము. కొలువువారు చెప్పఁగా వినియుండుట సహజము. వినికిడి యైనంతమాత్రమున నది యసత్యము గాదు. దాని మెట్టు వేఱు. పాణినీయుల భాషలోఁ జెప్పినచో, మచ్చలు లఙ్‌తోను, నూనె లిట్టుతోను వ్రాయవలసినవి. ఒకే సాక్షి యొక వర్ణనమునందే రెండు లకారముల మాట చెప్పవచ్చును. సాక్షి మంచివాఁ డని తేలినంతనే వాని వాక్యము లన్నియు నొక్కతూనికవి యని తలఁపరాదు. ఇది రెండవ నియమము.

పేసు క్రిస్టోవావో ద ఫిగెరెదో యనువాని పరివారముతో రాజసన్నిధికిఁ బోయెను. రాయలు ఫిగెరెదోకు జరీపని యంగీని, అట్టిదే టోపీని, తక్కినవారికిఁ గుట్టుపని వస్త్రములను నిచ్చెనని వ్రాసెను. ఈ భాగమున నతఁడు తన జట్టునకుఁ గల్గిన గౌరవమును జెప్పుచున్నాఁడు గావున మనము కొంత జాగరూకులమై చదువవలెను. అయినను జెప్పినది మితముగా నున్నది. పెద్దబహుమాన మధికారికే దక్కినది. తనకుఁ బ్రత్యేకముగా నేమియుఁ జెప్పుకొనలేదు. ఈ నిగ్రహము పేసునందు విశ్వాసమును బెంచుచున్నది.

నూనిజు సంగతి వేఱు. ఇతఁడు గుఱ్ఱముల వర్తకుఁడు. రాయలు గతించిన పిదప నచ్యుతదేవరాయల కాలమున, 1535–37 ప్రాంతమున, తన చరిత్రమును వ్రాసెను. సాళువ తిమ్మరసును గూర్చి యితఁడు రెండు కథలు చెప్పెను. రాయల యన్న మరణకాలమునఁ దమ్ముని కన్నులు తీయింపుమని యాజ్ఞాపింపఁగా, తిమ్మరసు రాకుమారుని దాఁచి మేఁకకన్నులను జూపె నని మొదటిది. రాయల కుమారుఁడు విషప్రయోగమున మరణింపఁగా, ఆ నేరము తిమ్మరసు కుటుంబముపైఁ బడి, రాయలే యా మంత్రి కన్నులను దీయించె నని రెండవది. తాను గాపాడిన కన్నులవానిచేతనే తన కన్నులు పోఁగొట్టుకొనిన మంత్రి! ఇంతకంటె విషాదనాటకమునకు వస్తువు దొరకదు. ఆ పొందికయే మనకు సందేహహేతువు కావలెను. లోకమున జరిగినది సాధారణముగా నింత చక్కఁగాఁ గుదురదు. నాలుకలపై నలిగిన కథకే యిట్టి నునుపు వచ్చును. పేసు వచ్చినప్పుడు తిమ్మరసు కొలువునఁ బ్రధానుఁడుగా నుండుట నతఁడు చూచెను. ఆ పిదప మంత్రికిఁ బతనము కలిగి యుండవచ్చును. మేఁకకన్నుల కథకు మాత్రము 'అఁట' యను ముద్ర విధిగా వేయవలెను.

ఇంక మన కవులకడకు వత్తము. అల్లసాని పెద్దన మనుచరిత్రావతారికయందు రాయలు కొలువుండి తన్నుఁ బిలిచి, మిత్రుఁడ వనియుఁ జతురవచోనిధి వనియుఁ బురాణాగమాదు లెఱిఁగినవాఁడ వనియుఁ బ్రశంసించి, స్వారోచిషమనుసంభవమును రచింపు మని కోరెనని చెప్పెను. రాజు తన్నుఁ బొగడిన పలుకులను గవియే పద్యమునఁ గూర్చినాఁడు గదా, ఇది స్వోత్కర్ష గాదా యని యొకఁ డడుగవచ్చును. సమాధాన మిది: ఆ గ్రంథము రాయలకే యంకితము. ఆ పలుకు లాడిన రాజు జీవించి యుండఁగా నాతని యెదుటనే చదువఁబడిన వాక్యము లవి. పద్యపు సొంపు కవిది; కాని జరుగని గౌరవము జరిగె నని యా గౌరవ మిచ్చినవాని ముందే చదువుట సాధ్యము గాదు. ఎదుటివాఁడు కాదనుటకు వీలుగల చోటఁ జెప్పిన మాటకు బలమెక్కువ. ఇది మూఁడవ నియమము.

దీనికిఁ బ్రతియోగిగాఁ బెద్దన పేర వెలసిన ప్రసిద్ధమైన చాటువు కలదు. అందు రాయల మరణానంతరమునఁ గవి దుఃఖించుచు, ప్రభువు తనకుఁ జేసిన గౌరవములను వరుసగాఁ దలఁచుకొనును: దారిలో నెదురైనపు డేనుఁగు నాపి చేయూఁత యిచ్చి యెక్కించుకొనుట, కృతి నందుకొనునాఁడు పల్లకి తన చేత నెత్తుట, గండపెండేరమును దానే తొడుగుట, కోకటాద్యగ్రహారముల నిచ్చుట, ఆంధ్రకవితాపితామహుఁ డని పిలుచుట. బాలుర మొదలు పండితులవఱకు నీ చిత్రములను గన్నుల కట్టినట్లు చెప్పుదుము. వీనిని విడఁదీసి చూతము. ఆంధ్రకవితాపితామహ బిరుదము మనుచరిత్రాశ్వాసాంతగద్యములందే యున్నది, కావున స్థిరము. కోకటముతోఁ బెద్దనకుఁ గల సంబంధమునకు శాసనాధారము గలదు, అదియు స్థిరము. ఏనుఁగునకును బల్లకికిని మాత్రము చాటువే దిక్కు. చాటువు పెద్దనదే యైనను, అది ప్రభువు గతించిన పిదపఁ బలికినది. ఔననుటకుఁ గాని కాదనుటకుఁ గాని రెండవవాఁడు లేఁడు. కాఁబట్టి యది యసత్య మనను. సగము సాక్ష్యము గలదియు సగము లేనిదియు ననెదను. దుఃఖితుఁడైన వృద్ధుఁడు తనకు జరిగిన మేలును బెద్దది చేసి తలఁచుకొనుట లోకసహజము; అది కపటము గాదు.

మూఁడవ తెగకుఁ జెందినది యష్టదిగ్గజముల కథ. కడపమండలమునందలి తిప్పలూరి శాసనమున నష్టదిగ్గజకవీశ్వరు లను మాట యున్నది. కావున నట్టి కవిబృంద మొకటి యుండె ననుటకు శంక లేదు. కాని నేఁడు మనము వల్లెవేయు పేళ్ల పట్టిక వేఱు. నంది తిమ్మన పారిజాతాపహరణమును రాయల కంకిత మిచ్చెను. ఆతనికి సందేహము లేదు. మాదయగారి మల్లన రాజశేఖరచరిత్రము నాదెండ్ల అప్పమంత్రికిని, అయ్యలరాజు రామభద్రుఁడు రామాభ్యుదయమును గొబ్బూరి నరసరాజునకును, పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకును నంకితములు. రామరాజభూషణుని వసుచరిత్రము తిరుమలరాయల కంకితము. ఆ తిరుమలరాయఁడు 1565 నాఁటి యుద్ధానంతరముననే పెనుగొండ రాజధానిగా నేలెను. అప్పటికిఁ గృష్ణరాయలు గతించి 35 ఏండ్లు దాఁటినవి. అయినను జనశ్రుతిలో రామరాజభూషణుఁడును దెనాలి రామలింగఁడును రాయల యెదుటఁ గూర్చుండి యొండొరులఁ బరిహసించుకొందురు. రామలింగని యుద్భటారాధ్యచరిత్రము నాదెండ్ల గోపమంత్రికడ నున్న యూరదేచమంత్రి కంకితము. తెనాలి రామకృష్ణుని పేరిటి పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రిమంత్రికి. రెండింటను రాయలు కృతిపతి గాఁడు.

ఈ సమావేశము జరుగ లేదు. జరుగుటకు వీలును లేదు. మఱి దీనిఁ బాఱవేయవలెనా? వలదు. ఒక శతాబ్దమునఁ బుట్టిన మహాకవుల నందఱ నొకే గదిలోఁ గూర్చుండఁబెట్టి చూడవలె నను కోరిక తెనుఁగుజాతి కెందులకుఁ గలిగెనో యా కథ చెప్పును. రాజ్యము పోయినపిదపఁ బ్రజలు దానిని సభగా జ్ఞాపక ముంచుకొనిరి. ఇది రాయల చరిత్రకు సాక్ష్యము గాదు. రాయలను దలఁచుకొనినవారి చరిత్రకు సాక్ష్యము. సాక్ష్యము దేనికో నిర్ణయించుకొనినచో నబద్ధపుఁగథయు వ్యర్థము గాదు.

రాయలు స్వయముగాఁ జెప్పిన దర్శన మొకటి కలదు, దానిని విడువరాదు. కళింగదండయాత్రలో శ్రీకాకుళమునకుఁ బోయి, హరివాసరమున నుపవసించి, రాత్రి కడపటిజామున నాంధ్రవిష్ణుని స్వప్నమునఁ గాంచితి ననియు, ఆ దేవుఁడు తెనుఁగునఁ గావ్యము రచింపు మనె ననియు నాముక్తమాల్యదావతారిక తెలుపును. దేశములచేఁ జూడఁబడుచుండిన రాజిందుఁ దానే దర్శనార్థి యైనాఁడు. స్వప్నమునకు రెండవసాక్షి యుండఁడు. ఇట్టి యెడ వైయాకరణులు చేసిన విచారము జ్ఞప్తికి వచ్చును. లిట్టునకు నుత్తమపురుష మెట్లు కుదురును? తాను జేసినది తనకుఁ బరోక్ష మెట్లగును? నిద్రించినవానికిని, మత్తునఁ దన్నెఱుఁగనివానికిని దన చేఁతయే పరోక్షమగు నని సమాధానము. భాష్యకారుఁ డొక యడుగు ముందునకుఁ బోయి, మేలుకొని యున్నవానికిని నది సంభవించు నని చూపెను. శాకటాయనుఁ డను వైయాకరణుఁడు రథమార్గమునఁ గూర్చుండియు నెదుటఁ బోవుచుండిన బండ్లబారును జూడలేదఁట! కన్నులు తెఱచి యుండుట దర్శనము గాదు. మనస్సు దానితోఁ గూడవలెను.

ఈ శాకటాయనుని కథయే నా స్వవిషయమునకు ద్వారము. 1988లో నేను బ్రాచ్యకళాశాలలో విద్యార్థినై యుండఁగా, మహాప్రసిద్ధుఁడగు నొక యవధాని మా పట్టణమునకు విచ్చేసెను. వారి పేరిచట ననావశ్యకము. ఆ దర్శనమును గూర్చి ముప్పదియేండ్లుగా నా శిష్యులకు నేను జెప్పుచు వచ్చిన కథ యిది: సభానంతరమున వారు నన్నుఁ బిలిచి, నా చేతి కౌముదిని జూచి, యొక సూత్రమునకు వృత్తి నడిగి, నా సమాధానమునకు సంతసించి భుజము తట్టి, 'నీవు శాస్త్రమును నిలుపుదువు' అనిరి. ఈ మాటయే నన్ను వ్యాకరణమార్గమున నిలిపినదని యెందఱికో చెప్పితిని. నా శిష్యుఁ డొకఁడు దానిని దన పాఠశాల వార్షికసంచికలో వ్రాసి ప్రకటించెను కూడ.

కొన్నియేండ్లక్రిందట మా తండ్రిగారు గతించిన పిదప, వారి రేకుపెట్టెలో నా యుత్తరముల కట్ట యొకటి మా చెల్లెలికిఁ గనఁబడెను. అందు సభ జరిగిన మఱునాఁడు నేను వ్రాసిన కార్డు కలదు. అందున్న దిది: సభ క్రిక్కిఱిసి యున్నది. నాకు లోపలఁ జోటు దొరకక ద్వారముకడ నిలుచుంటిని. వారి యెడమకాలికిఁ గట్టు గట్టియున్నది. ఒకరి భుజ మూఁతగాఁ గుంటుచు నడచిరి. పోవుచు నా చేతి పుస్తకమును జూచి 'కౌముదియా?' యని వెళ్లిపోయిరి. నెలసరి రూకలు త్వరగాఁ బంపవలెను.

అంతే. సూత్రము లేదు, వృత్తి లేదు, ఆశీర్వాదము లేదు. నేను బుద్ధిపూర్వకముగా నబద్ధ మాడితి ననుకొనను. కథ చెప్పిన ప్రతిసారియు నది నిజమనియే నమ్మి చెప్పితిని. కాని చూడుఁడు: వారి కాలికట్టును నేను పూర్తిగా మఱచితిని. వారిని గూర్చిన సంగతి రాలిపోయినది. నన్ను గూర్చిన సంగతి మొలకెత్తి వృక్షమైనది. రథమార్గమున శాకటాయనుని వలె నేనును నిలుచుంటిని. ఎదుటఁ గుంటుచుఁ బోవుచుండిన వృద్ధునిఁ గానక, నా భుజమునే చూచుకొంటిని. పందొమ్మిదేండ్ల విద్యార్థికిఁ బ్రత్యక్షమైనది యేఁబదియేండ్ల పండితునకుఁ బరోక్షమైనది. లిట్టునకు నుత్తమపురుష మెట్లు కుదురునో నాకు నాఁడు బోధపడినది.

ఈ కార్డు చదివిన తరువాతనే నేను పేసును మరల దీసి చదివితిని. అంతకుమునుపు మశూచికపు మచ్చలవాక్యమును, రాయలవంటి ప్రభువును గూర్చి విదేశి వ్రాసిన యనుచితోక్తిగాఁ దలఁచి, పాఠముచెప్పునపుడు దాఁటిపోవుచుంటిని. ఇప్పు డదియే నాకు రాయల సన్నిధిని నిలుచుండిన యనుభూతిని గలిగించుచున్నది. చూచినవాఁడు తన్ను మఱచి యెదుటివానిఁ జూచిన క్షణ మది.

పండితమిత్రులకు నా మనవి యిది. చాటువులను, దర్శనకథలను బాఠశాలలలోఁ జెప్పక మానవలదు. అవి లేనిచో బాలురకుఁ గావ్యము రుచింపదు. కాని చెప్పునపుడు ప్రత్యక్షమును బ్రత్యక్షముగాను, వినికిడిని 'అఁట' చేర్చియుఁ జెప్పుదము. పెద్దన బిరుదమునకుఁ దన గద్యమే సాక్షి యని చెప్పి, ఏనుఁగు నెక్కించుకొనెనఁట యనుదము. ఒక్క యక్షరముతో గురువునకు సత్యమును, శిష్యునకు రసమును రెండును దక్కును.

నా కథ నచ్చులోఁ జదివినవా రెవరైన నుండవచ్చును. ఆ యవధానిగారు నన్నేమియు నడుగలేదు, ఏమియు దీవింపలేదు. వారి యెడమకాలికిఁ గట్టుండెను. దీనిని సవరణముగా గ్రహింపఁ బ్రార్థించుచున్నాను.